మాట పడిపోయిన మనిషికి మన భాషలో దిక్కు లేదా?

పక్షవాతంతో మాట పడిపోయిన తెలుగు మనిషి ముందు ఇంగ్లీషు బొమ్మల పుస్తకం తెరిచి, ఆయన పేరు చెప్పలేని ప్రతి బొమ్మకూ సున్నా వేసి, చివర్లో ‘బుద్ధి తీవ్రంగా దెబ్బతింది’ అని రాసి సంతకం పెట్టడాన్ని వైద్యం అనను. దెబ్బ తిన్నవాణ్ని మళ్లీ కొట్టడం అంటాను. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామని కొన్నాళ్లు ఆగి చూశాను. చల్లారలేదు.

మలేషియాలోని సైబర్‌జయలో మా పై అంతస్తులో ఉండే కుర్రాడి తండ్రి పశ్చిమ గోదావరి రైతు. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులు వీసా లేకుండా 30 రోజులు మలేషియాలో ఉండే వీలు వచ్చాక మా టవర్లలో ఇలాంటి పెద్దవాళ్లు ఎక్కువగా కనిపిస్తున్నారు. పొద్దున్నే చెరువు గట్టు చుట్టూ పంచె కట్టుకుని నడుస్తుంటారు. ఈయనా అలాగే కొడుకునీ మనవణ్నీ చూసిపోదామని వచ్చారు. ఒకనాడు పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మూతి ఓ పక్కకు వాలింది. గ్యాస్ పట్టేసిందేమో, నీరసమేమో అనుకుని ఇంట్లోవాళ్లు మధ్యాహ్నం దాకా పడుకోబెట్టారు. రక్తం గడ్డను కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు. ఆ గడువు మంచం మీదే గడిచిపోయింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, మాట దక్కలేదు.

తర్వాత ఓ ఆస్పత్రిలో పరీక్ష పెట్టారు. పేరు చెప్పను, ఇంకో ఆస్పత్రిలోనూ ఇదే జరిగి ఉండేది. అందులో ఒకటి బోస్టన్ నేమింగ్ టెస్ట్. 1983లో అమెరికాలో అచ్చయిన పరీక్ష అది. మొత్తం 60 బొమ్మలు, తేలికవాటితో మొదలై కష్టమైనవాటి వైపు సాగుతాయి. మంచం, చెట్టు, పెన్సిలు వరకు ఎవరికైనా తెలిసినవే. ఆ తర్వాత ప్రెట్జెల్ అనే మెలికల రొట్టె వస్తుంది. బీవర్ అనే జంతువు వస్తుంది. మంచుతో కట్టిన ఇగ్లూ వస్తుంది. ఒంటి కొమ్ము గుర్రం వస్తుంది. నరసాపురం కాలవ గట్టున పుట్టి, వరి కోసి, చేపల చెరువు తవ్వించి, జన్మలో మంచు చూడని మనిషిని ఇగ్లూ పేరు చెప్పమంటారు. చెప్పకపోతే మెదడు తప్పు! నర్సమ్మ మంచిదే, పాపం. పెద్దాయన నల్లగా, పంచెతో ఉన్నాడు కాబట్టి తమిళంలో అడిగింది. ఆయన “అదే... అదే...” అన్నారు. తల అడ్డంగా ఊపారు. మళ్లీ “అదే” అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పుస్తకంలో 56వ బొమ్మ ఏమిటో తెలుసా? కాడి. ఎద్దుల మెడ మీద వేసే కాడి. ఆ పరీక్ష తయారుచేసినవాళ్ల లెక్కలో అది మహా కష్టమైన బొమ్మల్లో ఒకటి. ఈయన చిన్నప్పటి నుంచి రోజూ భుజాన మోసుకెళ్లిన వస్తువు. కానీ వరుసగా కొన్ని బొమ్మలు తప్పితే పరీక్ష ఆపేయడం నియమం. అందుకని కాడి దాకా ఆయన్ని పోనివ్వనే లేదు.

ఆ రాత్రి కొడుకు తండ్రి పక్కన కూర్చుని ఏం చెయ్యాలో తోచక “రెండొకట్ల?” అన్నాడు. “రెండు” అన్నారు ఆయన. “రెండు రెళ్లు?” “నాలుగు.” అక్కణ్నుంచి కొడుకు ఊరుకున్నాడు. రెండు పదుల ఇరవై దాకా తండ్రి ఒక్కరే చెప్పేశారు. తర్వాత వారాల పేర్లు. తర్వాత ప్రభవ, విభవ అంటూ సంవత్సరాల పేర్లు, సగం దాకా. కోడలు ఆ గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేనూ ఉన్నాను. ‘బుద్ధి దెబ్బతింది’ అన్న కాగితం టీపాయ్ మీద ఉంది.

ఇందులో వింత లేదు. వల్లెవేసిన మాటలు, పాటలు, పద్యాలు, తిట్లు, దేవుడి పేర్లు మెదడులో వేరే దారిన నడుస్తాయి. మాట కూర్చుకునే చోటు చితికిపోయినా అవి మిగిలే అవకాశం ఉంది. అందుకే 1973 నుంచీ రాగం సాయంతో మాటను మళ్లీ రప్పించే చికిత్స ఒకటి వాడుకలో ఉంది. ఇంతకంటే మంచి ప్రవేశం తెలుగువాడి దగ్గర ఏముంది? ఎక్కాలు కంఠతా పట్టిన తరం, పోతన పద్యాలు రాగం తీసి పాడుకున్న తరం, హరికథలు రాత్రంతా విన్న తరం మంచం మీద పడి ఉంది. వాళ్ల ముందు కూర్చున్న నిపుణురాలికి ఎక్కం అంటే ఏమిటో తెలియదు. ఆమెది తప్పనను. తెలిసినవాళ్లను ఆమె పక్కన కూర్చోబెట్టని మనది తప్పు.

అసలు జబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో దీన్ని గురించి నడుస్తున్న అజ్ఞానం చిన్నది కాదు. మెదడుకు దెబ్బ తగిలి భాష పోవడాన్ని అఫేజియా అంటారు. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు మూడో వంతు మందికి మొదట్లో ఇది ఏదో రూపంలో ఉంటుంది. నాలుక పడిపోవడం, గొంతు పోవడం వేరు, ఇది వేరు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు లెబోర్న్ అనే రోగిని చూశాడు. ఆ మనిషి ఏళ్ల తరబడి “టాన్” అన్న ఒక్క ముక్కే పలికాడు. ఎదుటివాళ్లు చెప్పింది మాత్రం అర్థం చేసుకునేవాడు, సైగలతో జవాబు చెప్పేవాడు. చనిపోయాక చూస్తే ఎడమ మెదడు ముందు భాగంలో గాయం. 1874లో వెర్నికే ఇంకో రకం చెప్పాడు. వీళ్లు గలగలా మాట్లాడతారు, మాటకీ మాటకీ పొంతన ఉండదు, మనం చెప్పేది వాళ్లకు సరిగా అందదు. రెండు రకాల్లోనూ లోపల మనిషి ఉన్నాడు. మనవడి మీద ప్రేమ ఉంది, పొలం గట్టు తగాదా గుర్తుంది, అల్లుడి మీద కోపం ఉంది. తలుపు బిగుసుకుపోయిందని ఇల్లు ఖాళీ అనుకుంటే ఎలా?

స్వీడన్ కవి తోమాస్ ట్రాన్‌స్ట్రోమర్‌కు 1990లో పక్షవాతం వచ్చింది. కుడి పక్క చచ్చుబడింది, మాట దాదాపుగా పోయింది. ఎడమ చేత్తో పియానో వాయించుకుంటూ బతికాడు, కవిత్వ సంపుటాలు వెలువరించాడు, 2011లో నోబెల్ అందుకున్నాడు. ఆ దేశం ఆయన్ని మంచం మీద పడేసి “ముసలాయనకు మతి పోయింది లెండి” అనలేదు. మనం అంటాం. పక్షవాతం వచ్చిన తండ్రి ముందే, ఆయన వింటుండగానే, పొలం పంపకాల గురించి మాట్లాడుకుంటాం. “ఆయనకేం తెలుస్తుంది” అంటూ చచ్చుబడిన వేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తిస్తాం. మాట పోయినవాళ్లకు కూడా అండగా మన దేశంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. అఫేజియా వల్ల శాశ్వతంగా మాట పోవడాన్ని అందులో పేరు పెట్టి మరీ వైకల్యంగా గుర్తించారు. ఆస్తి మీద, సొంత డబ్బు లెక్కల మీద అందరితో సమానమైన హక్కు వాళ్లకుందని 13వ సెక్షన్ చెబుతోంది. తండ్రి వేలు పట్టుకుని నొక్కేవాళ్లు ఆ సెక్షన్ ఒకసారి చదువుకోండి.

ఇంకో రకం ఉంది. అది ఒక్కసారిగా పడదు, మెల్లగా తినేస్తుంది. 1982లో మార్సెల్ మెసులం అనే నరాల వైద్యుడు ఆరుగురు రోగుల కథ రాశాడు. పక్షవాతం లేదు, మిగతా జ్ఞాపకం చాలాకాలం బాగానే ఉంది, భాష ఒక్కటే ఏడాదికేడాది కరిగిపోతోంది. నటుడు బ్రూస్ విల్లిస్‌కు అఫేజియా అని 2022 మార్చిలో కుటుంబం చెప్పింది. మరుసటేడు ఫిబ్రవరిలో అది మెదడు ముందు, పక్క భాగాలు క్షీణించే డిమెన్షియా అని తేలింది. ఇందులో ఒక రకంలో మాట అర్థమే చెరిగిపోతుంది. యాభయ్యేళ్లు వంట చేసిన తల్లి “ఉప్పు అందివ్వమ్మా” అంటే “ఉప్పంటే ఏంటి?” అని అడుగుతుంది. మన ఇళ్లల్లో దానికి చాదస్తం అని పేరు పెడతాం. వేషాలు అంటాం. కోడలి మీద కక్షతో చేస్తోందంటాం. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఏళ్లు గడిచిపోతాయి. భారతదేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. అందులో తెలుగువాళ్ల వాటా ఎంతో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

ఇక మలేషియా తెలుగువాళ్ల పరిస్థితి చెబితే నా కోపం ఎందుకో అర్థమవుతుంది. ఈ దేశానికి తెలుగువాళ్లు సాఫ్ట్‌వేర్‌తో రాలేదు. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడలెక్కి రబ్బరు తోటలకీ కొబ్బరి తోటలకీ కూలికి వచ్చారు. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ చుట్టుపక్కల వాళ్ల మనవలు ఇప్పటికీ ఉన్నారు. 1955లో సంఘం పెట్టుకున్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. అంత చేసిన సమాజం ఇది. అయినా ఇక్కడి ఆస్పత్రి గుమ్మంలో భారతీయుడంటే తమిళుడే. తోటలో పుట్టిన అవ్వకు ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, సంతలో మలయ్ వచ్చు. పిల్లలకు తమిళం, మలయ్ వచ్చు, తెలుగు అంతంత మాత్రం. ఆమెకు మాట పోయాక ఏ భాష ముందు తిరిగొస్తుందో ముందే చెప్పలేం. చిన్నప్పుడు నేర్చిందే ముందు వస్తుందని 19వ శతాబ్దంలో రిబో అన్నాడు, ఎక్కువగా వాడింది ముందు వస్తుందని 1895లో పిత్ర్ అన్నాడు. రెండూ జరుగుతాయి, కొందరిలో రెండూ జరగవు. అందుకే ఆ మనిషికి వచ్చిన ప్రతి భాషలోనూ పరీక్ష పెట్టి చూడాలని మిషెల్ పారడీ లాంటివాళ్లు బహుభాషా పరీక్షలు తయారుచేసి పెట్టారు. ఆ అవ్వలో తెలుగు ఒక్కటే మిగిలి ఉంటే? ఆమె మంచం చుట్టూ ఉన్నవాళ్లెవరికీ అది తెలియకపోతే? ఆమె మాట్లాడుతుంటే కాగితం మీద “అర్థం లేని శబ్దాలు” అని రాయరని ఎవరు హామీ ఇస్తారు?

“తెలుగులో పరీక్షలు లేవండీ, ఏం చేస్తాం?” అని నాతో ఒకరన్నారు. అబద్ధం. హైదరాబాద్ పంజగుట్టలోని నిమ్స్‌లో అల్లాడి సువర్ణ, సుభాష్ కౌల్ బృందం ఏళ్ల తరబడి ఈ పనే చేసింది. డిమెన్షియా వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో వాళ్లు ప్రచురించిన పత్రం ప్రపంచమంతా తిరిగింది. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే రెండు భాషలు, అంతకుమించి వచ్చినవాళ్లలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. అంటే బడి మొహం చూడని పాతబస్తీ కూలీ తెలుగు, దక్కనీ కలిపి మాట్లాడటం ఆయన మెదడుకు కాపు కాసి ఉండొచ్చు! అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూసి 2016లో ఫలితాలు ప్రచురించింది. ఆలోచనాశక్తి నిలబడినవాళ్లు ఒక్క భాషవాళ్లలో 19.6 శాతం, రెండు మూడు భాషలవాళ్లలో 40.5 శాతం. అఫేజియా మాత్రం ఇద్దరికీ దాదాపు సమానంగానే వచ్చింది. లండన్‌లో, టొరంటోలో ఈ అంకెలు పాఠాల్లో చెప్పుకుంటున్నారు. ఈ జ్ఞానం మన జనం నోళ్లలోంచి పుట్టింది. దాని ఫలితం ఏలూరు వార్డుకూ ఆదిలాబాద్ వార్డుకూ ఎంత చేరిందో, మీ జిల్లా ఆస్పత్రికి వెళ్లి “మాట తెప్పించే నిపుణులు ఉన్నారా?” అని మీరే అడిగి చూడండి.

అఫేజియాను కొలిచే వెస్టర్న్ అఫేజియా బ్యాటరీకి తెలుగు రూపం ఉంది. జ్ఞాపకశక్తినీ ఆలోచనాశక్తినీ చూసే ఆడెన్‌బ్రూక్ పరీక్షకు తెలుగు రూపం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఐదు భాషల్లో తయారుచేయించిన జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షల సంచిలో తెలుగు ఒకటి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి చికిత్సకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అన్నీ ఉన్నాయి. రోగి దగ్గరికి తీసుకుపోయేవాళ్లే లేరు.

ఇంకో సంగతి. మాట పోయిన తెలుగువాడు ఇంగ్లీషు పరీక్షలో పాసైనా, ఫెయిలైనా అతని తెలుగుకు ఏమైందో ఆ పరీక్షకు తెలియదు. ఇంగ్లీషులో నేను వచ్చినా ఆమె వచ్చినా వాళ్లు వచ్చినా క్రియ ఒక్కటే. మన క్రియ చివర మనిషి, లింగం, వచనం, గౌరవం అన్నీ ఉంటాయి. ఆ చివరలు తారుమారైతే తండ్రి భార్యను చూసి “వచ్చాడు” అంటాడు, మనవడు పగలబడి నవ్వుతాడు. నవ్వకు నాయనా, అది మెదడుకు తగిలిన గాయం తాలూకు గుర్తు. తెలుగు తెలిసిన నిపుణుడికి అది జబ్బు జాడ చెబుతుంది. పరీక్ష కూడా పుస్తకాల తెలుగులో ఉంటే ప్రయోజనం లేదు. ఆనపకాయ అన్నా, సొరకాయ అన్నా మార్కు పడాలి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజున, ఆగస్టు 29న, వేదికలెక్కి ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ పని మీద ఒక్క మాటైనా ఎత్తగా నేను వినలేదు.

“ఆరు నెలలు దాటితే ఇక రాదు” అన్న మాట ఇంకా ఎంతమంది నోట వింటున్నామో! దాన్ని పాతిపెట్టాలి. 57 ప్రయోగాలను ఒకచోట చేర్చి 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, మాట చికిత్స పనిచేస్తుందని చెప్పింది. జర్మనీలో ఆరు నెలలు దాటిన రోగులకే, వారానికి కనీసం 10 గంటల చొప్పున మూడు వారాలు గట్టిగా చికిత్స చేశారు. మాట మెరుగుపడింది. 2017లో లాన్సెట్‌లో అచ్చయిన ఫలితం ఇది. వారానికోసారి అరగంట, అదీ తెలియని భాషలో చేసి “లాభం లేదండీ” అనడానికి ఎవరికీ హక్కు లేదు.

సైబర్‌జయను 1997 మే 17న ప్రారంభించింది కంప్యూటర్ల కోసం, మల్టీమీడియా కోసం. మా ఊళ్లో ఇంటింటికీ ఫైబర్ ఉంది. వీధి చివర డేటా సెంటర్లు ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. సికింద్రాబాద్‌కూ మాకూ గడియారంలో తేడా రెండున్నర గంటలు. అక్కడ పొద్దున పదింటికి కూర్చున్న తెలుగు నిపుణురాలు ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకు ఈ రైతు ముందు తెర మీద కనబడటానికి అడ్డం ఏమిటి? డబ్బా? దీపావళికి హాలు అద్దెకూ, ఉగాదికి తెలుగు రాష్ట్రాల నుంచి గాయకులను రప్పించడానికీ మనం పెట్టే ఖర్చు నేను చూస్తున్నాను. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చిందని మిఠాయిలు పంచుకున్నాం. బాగుంది. ఆ ప్రాచీన భాష ఒక మనిషి తలలోంచి జారిపోతుంటే దాన్ని నిలబెట్టడానికి గంటకు ఎంతవుతుందో ఏ సంఘమైనా అడిగిందా?

పై అంతస్తు పెద్దాయన ఇప్పుడు ఊళ్లో ఉన్నారు. కొడుకు రోజూ ఫోన్‌లో ఎక్కాలు చెప్పిస్తున్నాడు. ఇది చికిత్సకు బదులు కాదని అతనికీ తెలుసు.

మలేషియాలోనూ సింగపూర్‌లోనూ గల్ఫ్‌లోనూ ఉన్న తెలుగు సంఘాలను అడుగుతున్నాను. వచ్చే ఉగాది లెక్కలు రాసేటప్పుడు ఒక పద్దు కలపండి. మీ దేశంలో పక్షవాతం, డిమెన్షియా చూసే ఆస్పత్రులకు మీ సభ్యుల్లో తెలుగు దుబాసీలుగా రాగలిగినవాళ్ల ఫోన్ నంబర్లు ఇవ్వండి. తెలుగు పరీక్షలు, తెలుగు నిపుణుల గంటలు కొనడానికి డబ్బు కేటాయించండి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ జిల్లా ఆస్పత్రికొక తెలుగు మాట నిపుణుణ్ని నియమించాలి, వాళ్ల సమయంలో కొంత ప్రవాసులకూ తెర మీద అందుబాటులో ఉంచాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోతే, మాట తడబడితే మలేషియాలో 999కి, మన రాష్ట్రాల్లో 108కి వెంటనే ఫోన్ చెయ్యండి. ఆ తర్వాత మీ ముందు ఇంగ్లీషు బొమ్మల పుస్తకం తెరిస్తే, “మా నాన్నకు తెలుగులో పెట్టండి, లేకపోతే ఆ మార్కులు రాయకండి” అని నిలదీయండి.